నాకూ ఒక నంబర్ రాయి బిడ్డా

మా బాపు ముప్పై ఏండ్లు సింగరేణి కంపెనీల బొగ్గు బాయి పని చేసిండు. ఆ ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి కూడా ఇంటి పన్ను కట్టలేదు. ఎగ్గొట్టిండని కాదు, కట్టే అవసరమే రాలేదు. గోదావరిఖనిలో మేముండేది కంపెనీ క్వార్టర్. కరెంటు కంపెనీది, నల్లా కంపెనీది, మోరీ తీసేటోళ్లు కంపెనీ మనుషులు, జరమొస్తే పోయేది కంపెనీ దవాఖాన. మున్సిపాలిటీ ఒకటి ఉన్నదని ఎరుకే గానీ, అది మాకు పక్కింటోళ్ల సంసారం లెక్క. రిటైరైనంక క్వార్టర్ ఖాళీ చేసి, వచ్చిన పైసలన్నీ పెట్టి బాపు ఒక ఇల్లు కట్టుకున్నడు. ఏడాది తిరగకముందే డిమాండ్ నోటీసు వచ్చింది. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నా ఇంట్ల నేనుంటే మల్ల కిరాయి ఎవలకు కట్టాలెరా?" అన్నడు.

అడిగింది నన్నే. అప్పటికే నేను ఇదే కోల్‌బెల్ట్‌లో ఇంకో ఊర్లె బిల్ కలెక్టర్‌ను. ఏ ఊరో ఇక్కడ రాయను. నాతోని పనిచేసినోళ్లు ఇంకా అక్కడ నౌకరీల ఉన్నరు.

బాపు తెల్వక అన్నా, మాట మాత్రం సరిగ్గ తగిలింది. ఇంటి పన్ను లెక్క మొదలయ్యేదే కిరాయి కాడ. నీ ఇంటిని కిరాయికిస్తే ఏడాదికి ఎంత వస్తదో అంచనా వేస్తరు. దాన్నే వార్షిక అద్దె విలువ అంటరు. ఇల్లు ఏ జోన్‌ల ఉంది, రేకులా స్లాబా, ఎన్ని చదరపు మీటర్లు అన్నది చూసి ఆ విలువ కడతరు. ఇల్లు పాతబడ్డకొద్దీ అండ్ల కొంత తీసేస్తరు. 25 ఏండ్ల లోపైతే 10 శాతం, 40 ఏండ్ల లోపైతే 20, అది దాటితే 30. యజమాని తానే ఉంటే ఇంకొంత తగ్గింపు. మిగిలినదాని మీద పన్ను. ఆ పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ 8 పైసలు ఊరికి మిగలవు, జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతయి. బిల్లు మీద ఈ గీతలన్నీ ఉంటయి. నా నౌకరీలో వాటిని చదివి అడిగినోళ్లు పది మంది కూడా లేరు.

అదే గోదావరిఖని చౌరస్తాల చాయ్ హోటల్ కాడ కూసుంటే సింగరేణి లెక్కలు నోటికి చెప్తరు. 2024లో లాభాల్లో కార్మికుల వాటా 33 శాతం, 796 కోట్లు, సగటున మనిషికి లక్షా తొంభై వేలు. దసరా ముందట ఈ ముచ్చట తప్ప ఇంకో ముచ్చట ఉండదు. కంపెనీలో రాష్ట్రం వాటా 51 శాతం, కేంద్రం వాటా 49 అన్నది కూడా చిన్న పోరగాళ్లకు ఎరుకే. మరి మనం నడిచే రోడ్డు, మన ఇంటి ముంగటి మోరీ ఏ పద్దులకెళ్లి వస్తున్నయంటే మాత్రం హోటల్ మొత్తం సప్పుడు చెయ్యదు.

ఇది జనం తప్పని నేననను. ఇక్కడ పట్నం బతుకే అట్ల కట్టబడ్డది. 1960ల మొదట్లో రామగుండంలో బాయిలు తవ్వుడు మొదలైనంక ఊరి మీద ఊరు లేసింది. తర్వాత ఎన్టీపీసీ వచ్చింది, ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. ఎవరి కాలనీ వాళ్లది, ఎవరి నీళ్ల ట్యాంకు వాళ్లది. 2011 జనగణన నాటికి 2 లక్షల 29 వేలు దాటిన జనం, 2020 ఎన్నికల నాటికి 50 డివిజన్ల కార్పొరేషన్. కానీ సగం ఊరికి సర్కారంటే కంపెనీయే. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంల కార్మికులు లక్ష దాటి ఉండిరి. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. క్వార్టర్ విడిచిన ప్రతి కుటుంబం మా బాపు లెక్కనే మున్సిపాలిటీ చేతికొచ్చి పడ్డది. వాళ్ల మోరీ, వాళ్ల నల్లా, వాళ్ల చెత్త ఇప్పుడు కంపెనీ ఖర్చు కాదు, ఊరి ఖర్చు.

మరి పైసలేవి? బొగ్గు ఉండంగ పైసలకేం కొదవ అంటరు చాలామంది. జర లెక్క చూడుండ్రి. వంద రూపాయల బొగ్గు అమ్మితే 14 రూపాయల రాయల్టీ. అది రాష్ట్ర ఖజానాకు. ఆ రాయల్టీ మీద 30 శాతం, అంటే వంద మీద 4 రూపాయల 20 పైసలు, 2015 చట్ట సవరణతోని వచ్చిన జిల్లా ఖనిజ నిధికి. అది జిల్లా ట్రస్టు, దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో ఊరు ఒక్కటే కూసుండి తేల్చుకునేది కాదు. 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం రాయల్టీ అంటే పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తీర్పు చెప్పింది. అది కూడా రాష్ట్రాలకే. మా చౌరస్తాకు కాదు.

ఇక నెల నెలా జీతంల కోసే వృత్తి పన్ను. జీతం 20 వేలు దాటితే నెలకు 200. ఒకప్పుడు ఇది ఊరి పన్నే. 1987 చట్టంతోని రాష్ట్రం చేతికి పోయింది. రాజ్యాంగం పెట్టిన గరిష్ఠ హద్దు ఏడాదికి 2,500 రూపాయలు. 1988 నుంచి ఆ హద్దు ఒక్క రూపాయి జరగలేదు. బొగ్గు లారీలు నలగ్గొట్టిన రోడ్డు మనది, దాని మీద నడిచేటోడి వృత్తి పన్ను హైదరాబాద్‌ది.

కంపెనీల బిల్డింగుల మీదనన్నా పన్ను వెయ్యొచ్చా అంటే వెయ్యొచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద ఊరు పన్ను వెయ్యరాదని రాజ్యాంగం 285వ అధికరణం అంటది. ఆ మాట పట్టుకొని కోర్బాలో బొగ్గు కంపెనీ కోర్టుకు పోయింది. సుప్రీంకోర్టు, కంపెనీ వేరు, కేంద్రం వేరు, షేర్లన్నీ కేంద్రానివే అయినా ఆస్తి కంపెనీదే, పన్ను కట్టవలసిందే అన్నది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కేసు అంటరు దాన్ని. రైల్వే స్టేషన్ మాత్రం నేరుగా కేంద్రం ఆస్తి. దానికి పన్ను లేదు, సర్వీసు చార్జీలే. వాళ్లు వాడుకునే సౌలతుల్ని బట్టి పన్నుల 75 శాతమో, సగమో, మూడో వంతో. నా ఎరుకల పెద్ద బిల్డింగు బిల్లు ఇచ్చుడు సులువు, రాబట్టుడు కష్టం. గల్లీల రేకుల ఇంటి బిల్లు ఇచ్చినంత సేపట్ల వచ్చేస్తది.

అట్ల చూస్తే ఊరికి తన సొంతమని చెప్పుకునే పైసలు ముఖ్యంగా ఇంటి పన్నే. 1992లో 74వ రాజ్యాంగ సవరణ చేసి పట్టణాలకు 18 పనుల జాబితా రాసిచ్చిండ్రు: నీళ్లు, రోడ్లు, చెత్త, శ్మశానాలు, వీధి లైట్లు, ఇంకా చాలా. పన్నులు మాత్రం రాష్ట్రం వెయ్యమన్నవే వెయ్యాలె, వెయ్యమన్నంతే వెయ్యాలె. పని మనది, ధర చెప్పేది ఇంకొకరు.

ఆ ధర ఎట్ల ఆగిపోయిందో చెప్తే నవ్వొస్తది. మా మున్సిపాలిటీల్లో ఇండ్ల పన్నులకు సాధారణ సవరణ జరిగింది 2002లో. దుకాణాలకు 2007లో. నేను రిటైరైంది 2021లో. అంటే నా నౌకరీ చివరి 19 ఏండ్లు 2002 నాటి కిరాయిల లెక్క మీదనే బిల్లులు రాసిన. మా గల్లీల అప్పుడు రెండర్రల పోర్షన్‌కు నాలుగు వందలిచ్చేది. ఇప్పుడు నాలుగు వేలంటే కూడా బతిమాలాలె. బిల్లు మాత్రం నాలుగు వందలప్పటిది. ఎవరూ ప్రకటించని అతిపెద్ద మాఫీ ఇదే. ఫ్లెక్సీ లేదు, ప్రెస్‌మీట్ లేదు. ఇది మన తెలివి ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ పన్ను ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి ఇండ్ల విలువల మీదనే నడుస్తది. ఓట్ల భయం ఏ దేశంలనైనా ఒక్కటే.

ఇక ప్రకటించిన మాఫీల సంగతి. 2015 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో 1,200 రూపాయల దాకా ఇంటి పన్ను ఉన్నోళ్లకు దాన్ని 101 రూపాయలు చేసిండ్రు. 2016 ఫిబ్రవరిల అక్కడ ఎన్నికలు. 2019 మున్సిపల్ చట్టంల 75 గజాల లోపు జాగల, గ్రౌండ్ మీద ఒక అంతస్తు దాటని ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్నే అని రాసిండ్రు. ఇది మంచిదని నేననుకుంటా. 75 గజాల ఇంట్ల ఎవరుంటరో నాకు తెలుసు. అయినా వంద రూపాయలంటే నెలకు 8 రూపాయల 33 పైసలు. చౌరస్తాల ఒక చాయ్ రాదు. ఆ చాయ్ పైసలతోనే నెలంతా చెత్త బండి రావాలె, లైటు వెలగాలె, మోరీల మందు చల్లాలె.

2020 నవంబర్ 14, దీపావళి నాడు వచ్చిన ప్రకటన నాకు బాగా యాదున్నది. ఆ ఏటి ఇంటి పన్నుల సగం మాఫీ. హైదరాబాద్‌లో 15 వేల దాకా, మిగిలిన పట్టణాలల్ల 10 వేల దాకా పన్ను ఉన్నోళ్లకు. కరోనా ఏడు, జనం చేతుల పనుల్లేవు. సాయం చెయ్యాలనుడు తప్పు కాదు. హైదరాబాద్‌లో 13.72 లక్షల కుటుంబాలకు 196.48 కోట్లు, మిగిలిన 140 పట్టణాలల్ల 17.68 లక్షల కుటుంబాలకు 130 కోట్లు లాభమని చెప్పిండ్రు. అదే రోజు హైదరాబాద్ సఫాయి కార్మికుల జీతం 14,500 నుంచి 17,500 చేస్తున్నమని కూడా అన్నరు. జీతం పెంచుడు న్యాయమే. కానీ ఒకే పండుగ నాడు రాబడి సగం తగ్గించి, ఖర్చు పెంచిన పద్దును మా హెడ్‌క్లర్క్ ముంగట పెడితే పెన్ను కింద పెట్టి బయటికి పోయేటోడు.

నేను రాత్రి కూసుండి ఆ అంకెలను భాగించిన. పట్టణాలల్ల ఒక్కో ఇంటికి సగటున 735 రూపాయలు. హైదరాబాద్‌లో 1,432. సగటు అట్ల ఉన్నా, 100 రూపాయల పన్ను కట్టే రేకుల ఇంటికి మిగిలేది 50. సరిగ్గ 10 వేలు కట్టే మూడంతస్తుల ఇంటికి 5 వేలు. కరోనాల పని పోయింది ఎవరికి, మాఫీ ఎక్కువ దొరికింది ఎవరికి? శాతాల్లో మాఫీ ఇస్తే ఇట్లనే అయితది. మనిషికింత అని సమానంగ ఇచ్చినా పేదోడికి ఇంతకంటే మేలు జరిగేది.

సోమవారం పొద్దుగాల నా కౌంటర్ కాడికి ఒక టీచరమ్మ వచ్చింది. ఏప్రిల్‌లనే పన్ను మొత్తం కట్టిన మనిషి.

"సార్, కట్టనోళ్లకే సగం మాఫీనా? నేను ముంగటనే కట్టిన గద."

"మీది వచ్చే ఏడు బిల్లుల సర్దుబాటు చేస్తరు మేడం."

"మా పక్కింటాయన ఆరేండ్ల నుంచి కట్టలేదు. ఆయన మొన్న నవ్వుకుంట పోయిండు."

ఆయన నవ్వు కథ కూడా చెప్పాలె. ఆ ఏడే ఆగస్టు నుంచి పాత బకాయిల మీద 90 శాతం వడ్డీ మాఫీ పథకం నడిచింది. 2024లో, 2025లో మల్ల వచ్చింది. బకాయి మీద నెలకు 2 రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. వినడానికి భయమయితది. బాయిల మందు పేల్చే షాట్‌ఫైరర్‌గ రిటైరైన ఒక కాక చాయ్ హోటల్ల నా బిల్లు వెనకాలనే ఈ లెక్క వేసి చూపెట్టిండు.

పన్ను 2 వేలు అనుకో. ఏప్రిల్‌ల కడితే 5 శాతం తగ్గింపు, 1,900తో ఐపోతది. కట్టకుండ ఆ 1,900 బ్యాంకుల ఏస్తే, 6 శాతం మిత్తికి ఐదేండ్లకు 570 వస్తది. మొత్తం 2,470. అటు బకాయి మీద ఐదేండ్ల వడ్డీ 2,400. అండ్ల 90 శాతం మాఫీ అయితే కట్టేది 240. అసలు 2 వేలు, వడ్డీ 240, కలిపి 2,240. నీ చేతుల ఇంకా 230 రూపాయలు మిగులుతయి.

"ఏప్రిల్‌ల కట్టినోడు పిచ్చోడు, ఐదేండ్లు ఆగినోడు లాభపడ్డడు. మరి నేనేం జెయ్యాలె చెప్పు," అన్నడు కాక. నేను చాయ్ పైసలు ఇచ్చి లేచిన. ముప్పై ఏండ్ల నౌకరీలో నాకు జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే.

ఈ పైసలు రాకపోతే ఏమైతది? పైకి ఏమీ కాదు. ఆఫీసు నడుస్తది, జెండా ఎగురుతది. ఔట్‌సోర్సింగ్ మీద చేసేటోళ్ల జీతం మున్సిపల్ జనరల్ ఫండ్‌కెళ్లి పోవాలె. ఆ ఫండ్‌ల పైసలు లేకపోతే ముందుగాల ఆగేది వాళ్ల జీతమే. నేను చేసిన ఊర్లె ఒక ఏడు రెండు నెలలు ఆగింది. తెల్లవారుజామున నాలుగున్నరకు చీపురు పట్టే ఆడమనిషి ఒకామె నా దగ్గర 300 అప్పు అడిగింది, బియ్యానికి. నేను ఆ రోజు వసూలు చేసిన సంచిల 40 వేలున్నయి. ఆ 40 వేలల్ల ఆమె జీతం ఉన్నదని ఆమెకు ఎరుక లేదు. నాకెరుకే.

పై నుంచి గ్రాంటు వస్తది గదా అంటరు. వస్తది. 2020 ఫిబ్రవరిల పట్టణ ప్రగతి అనే కార్యక్రమం మొదలు పెట్టినప్పుడు నెలకు 148 కోట్లు అన్నరు, హైదరాబాద్‌కు 78, మిగిలిన అన్నిటికీ కలిపి 70. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా దేశంల పట్టణాలకు లక్షా 21 వేల కోట్లు రాసింది. కానీ ఒక షరతు పెట్టింది: ఇంటి పన్నుకు కనీస రేటు ప్రకటించాలె, రాష్ట్రం సంపద పెరిగిన వేగంతోనన్నా వసూళ్లు పెరగాలె. ఇటు మాఫీ, అటు షరతు. పైగా అండ్ల మా అసుంటి ఊర్లకు వచ్చిన గ్రాంటుల 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికే ముడిపెట్టి వచ్చింది. సొంత పన్ను తగ్గి గ్రాంటు మీదనే బతికితే ఏమైతదో చూడుండ్రి. అమెరికాల కాలిఫోర్నియా జనం 1978లో ఓటేసి ఆస్తి పన్నును విలువల 1 శాతం దగ్గర కట్టేసిండ్రు. ఇండ్లోళ్లు సంబురపడ్డరు. ఆ తర్వాత ఊర్ల ఆఫీసులన్నీ రాష్ట్ర రాజధాని దిక్కు చెయ్యి చాపుడు మొదలు పెట్టినయి. చెయ్యి చాపినోడు గట్టిగ మాట్లాడలేడు. 2025 జనవరి ఆఖర్ల మా పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేక అధికారులు వచ్చినప్పుడు, కౌన్సిలర్ లేడని ఎంతమంది గమనించిండ్రో నాకు అనుమానమే.

ఒక ముసలామె గురించి చెప్పి ముగిస్తా. కంపెనీ జాగల రేకుల ఇల్లు ఏసుకున్నది. పట్టా లేదు. నేను ఆ గల్లీల కొత్త ఇండ్ల సర్వేకు పోతే, పొయ్యి మీద కూర విడిచిపెట్టి నా ఎనుకనే నడిచింది. పెన్ను, రిజిస్టర్ దిక్కే చూస్తున్నది.

"నాకూ ఒక నంబర్ రాయి బిడ్డా. పన్ను ఎంతైనా కడత."

"అవ్వా, పన్ను రసీదు పట్టా కాదు. రేపు జాగ అడిగితే ఇది చెల్లది."

"చెల్లకపోతే చెల్లకపాయె. నేను ఈడ ఉన్ననని రాసి ఉంటది గద. మోరీ గురించి అడిగితే నీ ఇల్లు యాడిది అని అంటున్నరు ఆఫీసుల."

కంపెనీ తిరిగి ఇచ్చిన జాగలల్ల ఇండ్లను క్రమబద్ధం చెయ్యడానికి 2019లో 76 జీవో వచ్చింది. అది ఆమె ముచ్చట తర్వాత. అప్పుడు ఆమెకున్న హక్కు కాగితం ఒక్కటే, నేను రాసిచ్చిన పన్ను రసీదు. దాన్ని పసుపు బట్టల చుట్టి రేషన్ కార్డుతోని పాటు దాచుకున్నది. ఆమె మాఫీ అడగలేదు. పన్ను వెయ్యమని అడిగింది. నా నౌకరీ మొత్తంల ఇంటి పన్ను అంటే ఏందో నాకంటే బాగా తెలిసిన మనిషి ఆమెనే.

ఎన్నికలొస్తయి, మల్ల ఎవరో ఒకరు మైకు పట్టుకొని పన్ను సగం అంటరు, వడ్డీ మాఫీ అంటరు. చప్పట్లు కొట్టుండ్రి, నేనూ కొడత. మైకు కింద పెట్టేలోపు ఒక్క మాట అడుగుండ్రి: ఆ లోటు మా ఊరి జనరల్ ఫండ్‌ల ఎవరు జమ చేస్తరు, ఏ నెలల, ఏ జీవో కింద?